బేపో బల్ల కొట్టాడా, లేదా

పెరీనా ఆ సోమవారం పొద్దున ఉల్లిపాయలు తరగడం లేదు, నరుకుతోంది. కిటికీ కింద సందులో నడిచేవాళ్ళకి ఆ చప్పుడు వినబడగానే, ఎవరూ చెప్పకుండానే సంగతి తెలిసిపోయింది. నిన్న చేపల సంఘం గదిలో తప్పంతా మళ్ళీ పెరీనా మెడకే చుట్టారు.

"కొట్టాడు," అంది పెరీనా ఉల్లిపాయతో. "బల్ల కొట్టాడు. నా గ్లాసులో వైన్ తొణికి ఒళ్ళో పడింది. ఇదిగో మరక, ఇంకా పోలేదు. కొట్టలేదట! కొట్టలేదని అంతమంది మగాళ్ళు తలలూపారు. ఆ తలల్లో ఏముంది, ఊపితే గలగలలాడ్డానికి కూడా ఏమీ లేదు."

ఉల్లిపాయ మారు మాట్లాడలేదు. నిన్న గదిలో ఉన్నవాళ్ళకన్నా ఉల్లిపాయే నయమనిపించింది ఆవిడకి.

సుహాలూకా అనే ఆ దీవి ఊళ్ళో ఆడేది ట్రెషేటా. నలుగురి పేకాట, గిన్నెలు, నాణేలు, కత్తులు, కర్రలు అని నాలుగు రంగులు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు జోడీ. తురుపు లేదు. బలంలో మూడుకి మించింది లేదు, దాని కింద రెండు, ఆ తర్వాతే ఆసు. లెక్కపెట్టేటప్పుడు మాత్రం విలువంతా ఆసుదే. చేతిలో ఆసు ఉండటమంటే ఒంటినిండా నగలు దిగేసుకుని జాతరలో తిరగడం లాంటిది. ఏ పక్కనుంచి ఎవడు లాక్కుపోతాడో తెలియదు.

ఆడుతున్నంతసేపూ నోరు మెదపకూడదు. జోడీదారుతో చెప్పుకోవడానికి ఒకే ఒక్క మాటకి అనుమతి ఉంది, అదీ పిడికిలితో. ముక్క వేస్తూ బల్ల మీద ఒక్క దెబ్బ వేశాడంటే, "ఈ రంగులో నీ దగ్గరున్న పెద్ద ముక్క వెయ్యి, పట్టు నీకొస్తే మళ్ళీ ఇదే రంగు ఆడి నా దగ్గరికి రా" అని. ఆ దెబ్బ విన్నాక జోడీదారు సొంత బుర్ర వాడటానికి వీల్లేదు. చెప్పినట్టు చెయ్యాల్సిందే.

ఇక ఆట ముగిశాక చూడాలి. అంతసేపూ బిగబట్టిన నోళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. ఎవరి పది ముక్కలు వాళ్ళ ముందు వెల్లకిలా పరిచి, మొదటి పట్టు నుంచీ మళ్ళీ ఆడి చూస్తారు. ఎవరు ఎక్కడ తప్పు చేశారు, ఎందుకు చేశారు, అసలు అలాంటివాణ్ణి కన్నతల్లి ఏమనుకుంటుంది, అన్నీ తేలాలి. చుట్టూ కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్ళు కూడా తలో మాటా వేస్తారు. ఆ ఊళ్ళో దీన్ని చేప కోత అంటారు. ఆట కన్నా కోతే ఎక్కువసేపు సాగుతుంది. నిజం చెప్పాలంటే, కోత కోసమే ఆడతారు.

చేప కోతకి రెండు కట్టుబాట్లున్నాయి. తప్పు ఎవరిదని తేలితే వాళ్ళు ఆ రోజుకి ఎదురు చెప్పకూడదు. రెండోది, కోత అయిపోయిన చేపని మర్నాడు మళ్ళీ బల్ల మీదికి తేకూడదు. తేవాలంటే ఆ నలుగురూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్న సందర్భం ఎవరికీ గుర్తు లేదు.

పెరీనాకి ఈ కోత కొత్తేమీ కాదు. ఆవిడ వయసంతా సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో గడిచింది. నిజమైన చేపల తలలు తీసి, డబ్బాల్లో పక్కపక్కన పడుకోబెట్టడం ఆవిడ పని. ఫ్యాక్టరీ మూతబడ్డాక వేసవి అతిథుల దుప్పట్లు ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. ఆదివారం మాత్రం పొద్దుటి ప్రార్థన ముగిశాక సంఘం గదికి వచ్చి, మొగుడు జూరే కుర్చీ వెనకాల నిలబడేది. భోజనానికి పిలవడానికి వచ్చానని పైకి చెప్పేది. పులుసు పొయ్యి మీద ఇగిరిపోతున్నా కదిలేది కాదు. జూరే, అతని పెదనాన్న కొడుకు బేపో, ఈ ఇద్దరిదీ విడదీయలేని జోడీ. ఏళ్ళ తరబడి ఆ కుర్చీ వెనక నిలబడి, నలుగురి చేతుల్లో ఏ ముక్కలున్నాయో కనిపెట్టడం నేర్చుకుంది. కోతలో మాత్రం నోరు విప్పలేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళకీ, చుట్టూ కూర్చున్న మగవాళ్ళకీ మాట్లాడే హక్కుంది. నిలబడ్డ ఆడవాళ్ళకి లేదు.

జూరే పోయాడు. ఆ కుర్చీ చాలాకాలం అలాగే ఉండిపోయింది. అందులో కూర్చోవడానికి ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి బేపోనే ఒకరోజు ఆవిడ గుమ్మంలోకి వచ్చి, టోపీ చేతుల్లో నలుపుకుంటూ, "నువ్వే రా పెరీనా. వాడి ఆట ఇంకెవరికి తెలుసు?" అన్నాడు. ఆ మాటకి ఆవిడ తలుపు వేసుకుని ఏడ్చింది. ఆ వారమే కుర్చీకి కొత్త దిండు కుట్టింది.

ఆ రోజు నుంచీ చేప ఎవరు పట్టినా ముల్లు పెరీనా గొంతులోనే. బేపోకి పన్ను నొప్పి పుట్టి తప్పు ముక్క వేస్తే, "పెరీనా నిట్టూర్చింది, నా దృష్టి చెదిరింది." ఎదుటి జోడీకి మంచి ముక్కలు పడితే, "పెరీనా సరిగ్గా కలపలేదు." కోత మొదలైతే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళ తలలు గాలి మళ్ళినప్పటి తెరచాపల్లా ఆవిడ వైపు తిరిగేవి. ఆవిడ పళ్ళ బిగువున ఓర్చుకునేది. కుర్చీ ఉంది కదా అనుకునేది.

నిన్న ఆ కుర్చీకే ముప్పొచ్చింది.

ఎదుటి జోడీ షీమే, ఫ్రానే. షీమే ఒకప్పుడు పడవ మీద టికెట్లు కోసేవాడు. అద్దం కనబడితే మీసం దువ్వుకోకుండా ముందుకి వెళ్ళడు. ఫ్రానే చర్చి గంటలు కొడతాడు. గంటలే తన తరఫున మాట్లాడతాయన్నట్టు తనెప్పుడూ మాట్లాడడు. ఆఖరి ఆటలో ముందుగా బేపో ముక్క వేయాలి. గిన్నెల రంగులో ఐదు వేశాడు. వేస్తూ పిడికిలితో బల్ల మీద కొట్టాడు. పక్కనున్న షీమే గిన్నెల ఆరు వేశాడు. పెరీనా దగ్గరున్న పెద్ద గిన్నె రెండు. అది వేసింది. ఫ్రానే నాలుగు వేశాడు. పట్టు పెరీనాది. చెప్పినట్టే మళ్ళీ గిన్నె ఆడింది. ఫ్రానే ఏడు వేశాడు. బేపో ఏం వేశాడు? ఆసు! దాని మీద షీమే గిన్నెల మూడు వేసి, మీసం కింద నవ్వుకుంటూ ఆసుని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆఖరికి లెక్కచూస్తే ఓటమి ఒకే ఒక్క ఆసు తేడాతో.

బేపో కుర్చీలోంచి లేచాడు. "గిన్నె మళ్ళీ ఎందుకు ఆడావు?"

"నువ్వు బల్ల కొట్టావు కదా బావా!"

"నేనా? ఎప్పుడు? నేను కొట్టలేదు."

"కొట్టలేదా!"

"కొట్టనే లేదు! నీ దగ్గర మంచి నాణేలు పెట్టుకుని, అవి ఆడకుండా తగుదునమ్మా అని గిన్నె తెచ్చి నా ఆసుని వీడి నోట్లో పెట్టావు!" అంటూ, ఎవరూ ముక్కలు పరచకముందే రెండు చేతులతో బల్లంతా ఊడ్చి కలిపేశాడు. కోత నోటితోనే జరిగింది. షీమే ఎటో చూస్తూ, "నాకైతే ఏమీ వినబడలేదు," అన్నాడు. ఫ్రానే ఎప్పటిలాగే ఏమీ అనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. సంఘానికి పెద్ద బేపో మరి. పడవల తాడు కట్టుకునే చోటు దగ్గర్నుంచీ అన్నీ అతని మాట మీద నడుస్తాయి.

"సరే. అందరూ వినండి," అన్నాడు బేపో. "రోకో పునీతుడి పండగ పోటీకి నేను దూయేతో జోడీ కడుతున్నాను. వచ్చే ఆదివారం నుంచే ఈ కుర్చీలో అతను."

దూయే వేసవికి మాత్రమే దీవికి వచ్చే మందుల షాపతను. ఫోనులో ట్రెషేటా ఆడి నేర్చుకున్నాడు. ఆడేటప్పుడు మధ్యమధ్యలో ముక్కని వేలితో నిమురుతాడు, అది దానంతటదే కదులుతుందేమోనని. ఆ మనిషి జూరే కుర్చీలో! పెరీనా కుట్టిన దిండు మీద!

తప్పు తేలినవాళ్ళు ఎదురు చెప్పకూడదు. పెరీనా గౌను మీది మరక తుడుచుకుంటూ బయటికి వచ్చేసింది. వచ్చేసినందుకే ఆవిడకి ఎక్కువ మండింది.

బుధవారం రొట్టెల దుకాణంలో వీంకా ఆవిడకి రొట్టె చుట్టి ఇస్తూ, "ఏం పెరీనక్కా, నీ మొహం పొయ్యిలా ఉంది, రొట్టె ఇక్కడే కాల్చుకోవచ్చు," అంది. వీంకాకి ఊళ్ళో ప్రతి మాటా పిండిలా చేతికి అంటుకుంటుంది.

"ఊరుకోవే. నన్ను కదిలించకు."

"నిన్ను కాదులే, నన్ను షీమే చంపుతున్నాడు. రోజూ పొద్దున ఇక్కడ నిలబడి అదే కథ. 'బేపో పిడికిలి బల్ల మీద పడగానే, నా గిన్నెల మూడుని నేను దాచేశాను. ఇంకొకడైతే తొందరపడి అప్పుడే వేసేసేవాడు. నేను ఆగాను. పెరీనా గిన్నె మళ్ళీ తెస్తుందని నాకు తెలుసు. ఆసు నడుచుకుంటూ వచ్చి నా ఒళ్ళో కూర్చుంది.' వెనకాల రొట్టెకోసం ఇంతమంది నిలబడ్డా కదలడే!"

పెరీనా చేతిలోని రొట్టె వైపు చూసింది, తర్వాత వీంకా వైపు.

"ఇంకోసారి చెప్పు. పిడికిలి పడిందన్నాడా?"

"పడగానే అన్నాడు. ఊళ్ళో సగంమందికి చెప్పాడు. బార్బరు దగ్గర అద్దంలో చూసుకుంటూ కూడా చెప్పాడట."

"మరి ఆదివారం అందరి ముందూ వినలేదన్నాడే, ఆ సార్డీన్ తలకాయ!"

"బేపో ముందు ఎలా అంటాడక్కా? పడవకి తాడు ఎక్కడ కట్టుకోవాలి?"

పెరీనా ఇంటికి వచ్చేదారంతా రొట్టె చివర తుంపుకుంటూ నడిచింది. కోపం తగ్గలేదు, కాకపోతే దానికి కాళ్ళు మొలిచాయి. సంగతేమిటంటే, తను విన్నదాన్ని ఎదుటి జోడీ కూడా విన్నది. విన్నదానికి తగ్గట్టు ఆడింది. వినకపోతే అలా ఆడే వీలే లేదు. షీమే నోరు అబద్ధమాడుతుంది గానీ, అతను వేసిన గిన్నెల ఆరు అబద్ధమాడదు.

ఆదివారం ప్రార్థన ముగిసేసరికి గదిలో బల్ల సిద్ధంగా ఉంది. కుర్చీలో దూయే, దిండు మీద. పెరీనా చర్చికి కట్టుకున్న తలగుడ్డ తీయకుండానే లోపలికి వచ్చి, ఒకప్పుడు జూరే వెనక నిలబడినట్టే అతని కుర్చీ వెనకాల నిలబడింది. దూయే మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"పెరీనా, రచ్చ చెయ్యకు," అన్నాడు బేపో, ముక్కలు కలుపుతూ. "ఈ వేళ దూయే ఆడతాడు."

"ఆడనీ బావా. నేను ఆడ్డానికి రాలేదు. చేప కొయ్యడానికొచ్చాను."

"ఇంకా ఆటే మొదలవలేదు, ఏ చేప?"

"పోయిన ఆదివారం చేప."

గదిలో గ్లాసులు ఆగిపోయాయి. షీమే ముక్కు మూసుకున్నాడు. "వారం నాటి చేపా? కంపు కొట్టదూ!"

"కంపు నాకు వారం నుంచీ కొడుతూనే ఉంది షీమే. మీ ముక్కులకే జలుబు."

"కట్టుబాటు తెలుసుగా," అన్నాడు బేపో. "నలుగురూ ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోను."

"నువ్వు ఆఖర్న చెబుదువులే. ఫ్రానే, నువ్వు?"

ఫ్రానే గోడ మీది గడియారం చూసుకుని, "మా ఇంట్లో ఈ వేళ సిరా చేప వేసిన నల్ల అన్నం. చల్లారకముందే అయితే సరే," అన్నాడు. ఆ సంవత్సరంలో అతను మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే కావచ్చు.

"షీమే, నిన్నొక్కటే అడుగుతాను. బేపో బల్ల కొట్టాడా, లేదా?"

"చెప్పాగా. వినలేదు. అప్పుడు కిటికీ రెక్క కొట్టుకుంటోంది."

"అలాగా. అయితే వీంకా చెప్పింది నేనే సరిగా వినలేదేమో. సరే, నువ్వు వినలేదు. మరి బేపో ఐదు వేశాడు. వెంటనే నీ వంతు. నీ చేతిలో గిన్నెల మూడుంది. దానికి మించిన గిన్నె లేదు. వేసి పట్టు లాక్కోకుండా ఆరెందుకు వేశావు?"

షీమే మీసం మీదికి చెయ్యి పోయింది. "అదొక... ఆలోచన."

"ఏం ఆలోచన? బల్ల చప్పుడు లేదు. గిన్నె మళ్ళీ వస్తుందని నీకెవరు చెప్పారు? రాకపోతే నీ మూడు చేతిలోనే ముసలిదైపోయేది." పెరీనా గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. అది ఆవిడ కోపం కన్నా ప్రమాదం. "ఓహో. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయావు కదూ? మూడు కనబడలేదు నీకు. పాపం! కునుకు తీస్తూ చేతికందింది వేశావు, అదృష్టం కొద్దీ ఆసు వచ్చి ఒళ్ళో పడింది. దానికి ఎందుకయ్యా దాపరికం? వయసు మీద పడితే అందరికీ అంతే. ఫ్రానే, ఇకమీదట నువ్వే కాస్త ఆయన ముక్కలు చూసి చెబుతుండు."

గోడ పక్కన ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "అందుకేనా షీమే, మొన్న ఉప్పు అనుకుని పంచదార కొన్నావు?" అన్నారు. షీమే మెడ ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి, ఆఖరికి మీసం కూడా ఎర్రబడినట్టే అనిపించింది.

"కునుకా? నాకా?" అంటూ లేచాడు. "ఆ దెబ్బ వినబడగానే ఈ గదిలో ఎవడికీ తట్టని ఎత్తు నాకు తట్టింది! మూడుని అణిచిపెట్టుకున్నాను, పళ్ళు బిగించి అణిచిపెట్టుకున్నాను! రెండు పెరీనా దగ్గర ఉంటుందని తెలుసు, మళ్ళీ గిన్నె తెస్తుందని తెలుసు! అదృష్టమట! నలభై ముక్కల్నీ తలలో పెట్టుకుని ఆడినవాణ్ణి పట్టుకుని అదృష్టమట!"

"ఏ దెబ్బ వినబడగానే?" అంది పెరీనా.

షీమే నోరు తెరిచే ఉంది. మెల్లగా కూర్చున్నాడు.

గదిలో అందరూ బేపో వైపు చూశారు. తెరచాపలు అటు తిరగడం ఆ గది పుట్టాక అదే మొదటిసారి. బేపో చేతిలోని ముక్కలు బల్ల మీద పెట్టి, "కొయ్యండి అయితే," అని గొణిగాడు.

ఎవరి పది ముక్కలు వాళ్ళు ఏరుకున్నారు, పెరీనా దూయే భుజం మీదుగా వంగి. పోయినవారం ముక్కలు ఇంకా గుర్తున్నాయా అని అక్కడ ఎవరూ అడగరు. పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోయినవాడికి కూడా ఓడిన ఆట గుర్తుంటుంది. బేపో తన వరుసని వీలైనంత మెల్లగా పరిచాడు. గిన్నెలు రెండే రెండు. ఐదు, ఆసు.

"రెండు గిన్నెలా!" అన్నాడు గోడ పక్కనుంచి ఒక ముసలాయన, గ్లాసు దించి. "రెండు గిన్నెలు పెట్టుకుని బల్ల కొట్టావా బేపో? అందులో ఒకటి ఆసు? ఆ రంగు తిరిగొస్తే ఆసు వెయ్యక నీకు గతేముంది?"

"మూడు పెరీనా దగ్గర ఉంటుందనుకున్నా," అన్నాడు బేపో బల్లతో.

"అనుకున్నాడట!"

"మా మనవరాలు కూడా రెండిటితో కొట్టదు!"

"అందుకేనన్నమాట, పోయినవారం ముక్కలు అంత తొందరగా కలిపేశావు!"

పెరీనా గుండెలోకి వారం తర్వాత గాలి వెళ్ళింది. అక్కడితో ఆపి ఇంటికి వెళ్ళిపోతే ఎంత బాగుండేది! కానీ గెలుస్తున్న మనిషికి చెయ్యి ఆగదు. "తల కోసి వదిలేస్తారా? తోకదాకా కొయ్యండి. నేను ప్రతి ముక్కా ఎలా ఆడానో అందరూ చూడండి," అంది.

కోశారు. నాణేలు పోయాయి. కత్తుల మూడు షీమే వేశాడు, పోయింది. తర్వాత బేపో కర్రల మూడు వేశాడు. దాన్ని కొట్టే ముక్క లేదు, పట్టు బేపోదే. పెరీనా దగ్గర కర్రలు లేవు. ఏ ముక్క అయినా పారేయొచ్చు.

ఆవిడ చెయ్యి వరుస మీద ఆగిపోయింది.

వరుసలో కత్తుల ఆసు ఉంది. నాణేల రాజు ఉన్నాడు. జోడీదారు పట్టు ఖాయంగా తీసుకుంటున్నాడు. ఆసుని అందులో పడేస్తే భద్రంగా ఇంటికి చేరేది. ఆవిడ ఆ రోజు పడేసింది రాజుని. ఆసుని దాచుకుంది. ఆఖరి పట్టుకి విడిగా ఒక లెక్క ఉంటుంది, దాన్ని ఆసుతో కొట్టేద్దామన్న ఆశతో. ఆఖర్న ఫ్రానే కత్తుల రెండు వేసి ఆసునీ, ఆఖరి పట్టునీ రెండింటినీ ఎగరేసుకుపోయాడు. ఓటమి ఒక్క ఆసు తేడాతో. బేపో ఆసు పోయినా సరే, ఈ ఆసు ఇంటికి చేరి ఉంటే ఆట వాళ్ళదే.

వారం రోజులుగా వంటింట్లో మొదటి రెండు పట్లే ఆడుకుంది. ఇటువైపు రానే లేదు.

ఎవరికీ గుర్తుండదు. ఆఖర్న ఏ ముక్క ఎటు పోయిందో చూసినవాళ్ళు లేరు, అప్పటికే బేపో అరవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆసు పడేస్తే సరిపోతుంది. కుర్చీ దక్కుతుంది. దిండు దక్కుతుంది. ఆవిడ వేళ్ళు ఆసు మీదికి వెళ్ళాయి కూడా.

అప్పుడు ఒళ్ళు మండింది. ఎవరి మీదో కాదు, ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరి మీదా, తన వేళ్ళతో సహా. రాజుని తీసి బల్ల మీద ఫెడీమని కొట్టింది.

"చూడండి! కళ్ళు తెరుచుకుని చూడండి! ఇదిగో నా తప్పు! ఆసు పడెయ్యాల్సిన చోట రాజుని పడేశాను. ఆఖరి పట్టుకి కక్కుర్తిపడ్డాను. ఆట పోయింది ఇక్కడ! వారం నుంచీ నన్ను అంటున్నారే, చేప కోతల్లో ఆరితేరినవాళ్ళే, ఒక్కడంటే ఒక్కడికి ఈ తప్పు కనబడిందా? చెయ్యని తప్పుకి మెడలు పట్టి గెంటారు, చేసిన తప్పుని కనిపెట్టే బుర్ర ఒక్కడికి లేదు!"

"నాకు తెలుసు," అన్నాడు ఫ్రానే.

"తెలుసా! మరి చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు."

పెరీనా అతని వైపు చూసిన చూపుకి చర్చి గంట అయితే పగిలేది. ఈలోగా బేపోకి ప్రాణం లేచొచ్చింది. "చూశారా! నేను చెబుతూనే ఉన్నా! తప్పు ఆవిడదేనని మొదట్నుంచీ..."

"నోర్ముయ్ బావా! నువ్వు చెప్పింది ఈ తప్పు కాదు. నీకు తెలియను కూడా తెలియదు. నా తప్పుకి నన్ను తిట్టు, పడతాను. రోజంతా తిట్టు, వైన్ తాగి మళ్ళీ తిట్టు. నీ తప్పుకి నన్ను తిడితే మాత్రం ఒప్పుకోను. జూరే కూడా ఒప్పుకునేవాడు కాదు, ఆయన పోయాక నీకు నోరు పెద్దదైంది గానీ! కుర్చీ నువ్వు ఎవరికి ఇచ్చుకుంటావో నీ ఇష్టం. ముందు ఒక్క మాట చెప్పు. కొట్టావా, లేదా?"

బేపో తల పక్కకి తిప్పుకున్నాడు. కిటికీ అవతల ఎవరో వల దులుపుతున్నారు. దూయే దిండు మీదనుంచి మెల్లగా లేచి, ఎవరికీ తగలకుండా కుర్చీ వెనక్కి లాగి, "నేను... షాపు తాళం వేశానో లేదో చూసొస్తాను," అన్నాడు. అతని షాపు సముద్రానికి అవతల ఉంది. ఎవరూ నవ్వలేదు.

బేపో ముక్కలన్నీ పోగుచేశాడు. చాలాసేపు కలిపాడు. పంచాడు. నాలుగు వరుసలూ పంచాడు. నాలుగోది ఖాళీ కుర్చీ ముందు.

పెరీనా తలగుడ్డ విప్పి, దిండు దులిపి, కూర్చుంది. దిండు ఇంకా దూయే వెచ్చదనంతో ఉంది, అది ఆవిడకి నచ్చలేదు.

బేపో నాణేల నాలుగు తీసి బల్ల మీద పెట్టాడు. పెడుతూ పిడికిలితో తాకించాడు, ఈగ వాలినట్టు.

"ఏదైనా చప్పుడైందా?" అంది పెరీనా, చేతిలోని ముక్కలే చూస్తూ.

"ఆటలో మాటలేంటి..." అన్నాడు షీమే.

"నాకు వినబడలేదు. కిటికీ రెక్క అయ్యుంటుంది."

బేపో ఊపిరి పీల్చుకుని, పిడికిలి ఎత్తి బల్ల మీద కొట్టాడు. గ్లాసులు ఎగిరాయి. పెరీనా ఒళ్ళో వైన్ పడింది, పాత మరక మీదే.

"షీమే, విన్నావా?"

"విన్నాను. విన్నాను తల్లీ."

"ఫ్రానే?"

"విన్నా."

"సరే," అంది పెరీనా. షీమే వంతు అయ్యాక, బేపో అడిగిన రంగులో తన దగ్గరున్న అతి పెద్ద ముక్కని తీసి, రాణీగారిలా బల్ల మీద ఉంచింది. అది నాణేల ఐదు. ఆ రంగులో ఆవిడకి అంతకన్నా పెద్దది లేదు.

బేపో మొహం చూసి గోడ పక్కన ఎవరో కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నారు. ఫ్రానే ఇంట్లో నల్ల అన్నం చల్లారిపోతోంది.